సస్కటూన్‌లో వేర్లున్న పూలు

ముందుగా విమానం గురించి ఒక మాట. కిటికీ పక్క సీటు కావాలని అదనంగా డబ్బు కట్టాను. సీటు ఇచ్చారు, కిటికీ ఇవ్వలేదు. ముందు వరుసకు ఉంది, వెనక వరుసకు ఉంది, నా వరుస దగ్గర మాత్రం గోడ నున్నగా, తెల్లగా, ఏ లోపమూ లేకుండా ఉంది. విమానంలో పనిచేసే అమ్మాయిని పిలిచి చూపిస్తే ఆమె చాలా బాధపడింది. కెనడాలో ఎవరికి ఏం చెప్పినా చాలా బాధపడతారు, ఆ విషయంలో లోటు లేదు. "ఇది కిటికీ సీటే సర్, కిటికీ మాత్రం ఈ వరుసకు రాదు" అని చెప్పి, ఓదార్పుగా ఒక బిస్కెట్ ఇచ్చింది. దారి పొడవునా ఆ గోడనే చూస్తూ కూర్చున్నాను. వెళ్తున్నది కూడా ఒక గోడను చూడడానికే కాబట్టి దీన్ని సాధన కింద జమకట్టుకున్నాను.

నేనుండేది ఒటావా పక్కన కనాటాలో. టెలికాం ఉద్యోగం. మా పెద్దమ్మ కూతురు సరళక్క సస్కటూన్‌లో ఒక విత్తనాల కంపెనీలో పరిశోధన చేస్తుంది. మంచు కరిగినప్పటి నుంచీ ఎప్పుడు ఫోన్ చేసినా గోడ, గోడ అంటోంది. వాళ్ల పక్కింటావిడ ఊళ్లో పెద్ద గోడ మీద పూలు వేస్తోందట, సాయంత్రాలు తనూ వెళ్లి చుక్కలు పెడుతోందట, శనివారం ఆవిష్కరణట. "నువ్వు రాకపోతే ఇంక నాతో మాట్లాడకు" అంది. జూన్ చివర్లో నాలుగు రోజులు సెలవు పెట్టాను.

విమానాశ్రయంలో ఒక తువ్వాలు

అక్క కోసం ఒటావా నుంచి తెచ్చిన మేపుల్ బిస్కెట్లు ప్రయాణంలో పిండిగా మారాయి. చేతులూపుకుంటూ వెళ్లడం బాగుండదని సస్కటూన్‌లో దిగగానే కానుకల దుకాణంలో దూరాను.

అక్కడ ఒక అమ్మాయి నాకు చాలాసార్లు కనిపించింది. ఫ్రిజ్‌కి అతికించే అయస్కాంతం మీద, టీ డబ్బా మీద, పిల్లల పజిల్ మీద. రెండు జడలు, తోలు దుస్తులు, చెవి పక్కన ఎర్ర లిల్లీ, చేతిలో ఇంకో లిల్లీ. కళ్లు సగం మూసుకుని ఎటో చూస్తోంది. ఎటు చూసినా ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. ఈ దేశపు మూలవాసి స్త్రీ అంటే పనీపాటా లేకుండా పూలు వాసన చూస్తూ కూర్చునే మనిషి అని దుకాణం వారి అభిప్రాయం. మన కాలేజీ వార్షికోత్సవాల్లో కోయ డాన్సు అని ఒకటి ఉండేది, గుర్తుందా? ఆకులు కట్టుకుని, తల నిండా పూలు పెట్టుకుని గెంతేవారు. గెంతేవారిలో కోయవాళ్లు ఒక్కరూ ఉండేవారు కాదు. చప్పట్లకు మాత్రం కొదవ ఉండేది కాదు. అలాంటిదే ఇక్కడ అయస్కాంతంగా దొరుకుతోంది, రెండు కాఫీల ధరకు.

ఆ అమ్మాయిని వదిలేసి, పూసల పని అచ్చువేసిన వంటింటి తువ్వాలు ఒకటి కొన్నాను. నల్లటి గుడ్డ మీద ఎర్ర లిల్లీలు, గులాబీలు. ముద్దుగా ఉన్నాయి. కింద "సంప్రదాయ నమూనా" అని రాసుంది. ఎవరి సంప్రదాయమో రాయలేదు.

సరళక్క తువ్వాలు విప్పి చూసింది. బాగుంది అంది. వెంటనే మడిచి డ్రాయర్లో అట్టడుగున పెట్టింది.

"డార్లీన్ వచ్చినప్పుడు ఇది బయటికి తీశావంటే చంపేస్తా" అంది.

సరళక్క వీధి

డార్లీన్ అంటే ఆ పక్కింటావిడ. బడిలో చిత్రలేఖనం చెబుతుంది. మేతీ జాతి మనిషి. మేతీలంటే ఒకప్పుడు జంతువుల బొచ్చుతోళ్ల వ్యాపారానికి వచ్చిన ఐరోపా వాళ్లకూ ఇక్కడి క్రీ వంటి జాతుల స్త్రీలకూ పుట్టి, తమదైన భాషతో, పద్ధతులతో సొంత జాతిగా నిలబడినవాళ్లు. గుడ్డల మీద, తోలు మీద పూసలతో పూలు కుట్టడంలో వీళ్లకు ఎంత పేరంటే, చుట్టుపక్కల జాతులవాళ్లు వీళ్లను పూల పూసల జనం అని పిలిచేవారట.

ఆమెతో అక్క స్నేహం మొదలైన తీరు చెప్పాలి. మన ఊళ్లలో పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లేవారి చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ప్రహరీ దాటి బయటికి వంగిన పువ్వు దేవుడిదేనని మన లెక్క. సరళక్క ఆ లెక్కను గుంటూరు నుంచి భద్రంగా ఇక్కడికి తెచ్చుకుంది. ఒక మంగళవారం పొద్దున పక్కింటి కంచె మీద అడవి గులాబీలు కోస్తుంటే డార్లీన్ కాఫీ కప్పుతో బయటికి వచ్చిందట. ఏం చేస్తున్నావు అంటే పూజకని చెప్పిందట. ఏ దేవుడికి అని అడిగితే, మంగళవారం కాబట్టి ఆంజనేయుడికి అందట. మీ దేవుళ్లకు వారానికి ఒక రోజే డ్యూటీనా అని డార్లీన్ ఆశ్చర్యపోయి, తలుపు కొట్టి ఉంటే కత్తెర ఇచ్చేదాన్ని కదా అని, చివరికి అసలు ప్రశ్న వేసిందట. "మొక్కని అడిగావా?"

వాళ్లు మొక్క నుంచి ఏది తీసుకున్నా ముందు చిటికెడు పొగాకు దాని మొదట్లో పెట్టి, అడిగి తీసుకుంటారు. మేమూ తులసికి దణ్ణం పెట్టి కోస్తాం, చీకటి పడ్డాక ముట్టుకోం అని అక్క చెప్పింది. ఆ కంచె దగ్గర కుదిరిన ఒప్పందం ఇప్పటికీ అమల్లో ఉంది. అక్క అడిగి కోస్తుంది, పండగ రోజున పులిహోర పంపుతుంది. మూలవాసులతో ఈ దేశంలో కుదిరిన ఒప్పందాల్లో రెండు వైపులా సరిగ్గా నడుస్తున్నవి ఎన్ని అని డార్లీన్‌ను అడిగాను. పులిహోర ఒప్పందం అయితే బాగానే ఉంది అంది.

గోడ దగ్గర

నది వైపు దుకాణాల వెనక కార్లు నిలిపే స్థలం ఉంది. దానికి ఒక అంచున పొడవాటి కాంక్రీటు గోడ. అక్కడి దుకాణదారుల సంఘం దానికి రంగులు వేయించమని డార్లీన్‌ను పిలిచింది. అంతకుముందు ఆ గోడ మీద ఉన్నది ఎవరో కాదు, నా విమానాశ్రయం అమ్మాయే. రెండు జడలు, లిల్లీ, సగం మూసిన కళ్లు, మనిషికి మూడింతల ఎత్తున. ఎప్పుడో వేసిన చిత్రకారుడు మోడల్‌గా తన భార్యనే కూర్చోబెట్టి, ముఖానికి గోధుమ రంగు వేశాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ బొమ్మను మూడు పూతల సున్నంతో డార్లీన్ తన చేత్తోనే కప్పేసింది. జీవితంలో అంత ఇష్టంగా ఏ పనీ చేయలేదట.

ఇప్పుడు అక్కడ నల్లటి నేపథ్యం మీద పూలు. గీత అన్నదే లేదు, అంతా చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో పూస. పుల్ల చివర గుండ్రటి స్పాంజి అతికించి, రంగులో ముంచి ఒత్తుతారు. కాడల వెంట జంటలు జంటలుగా చిన్న చుక్కలు నడుస్తాయి, వాటిని ఎలుక అడుగులు అంటారు. ఒకే మొక్క మీద మొగ్గ, పువ్వు, ఎండిన కాయ మూడూ ఉన్నాయి. వీధిలో పోయేవాళ్లు ఎవరైనా వచ్చి చుక్కలు పెట్టొచ్చు. సరళక్క ముగ్గు వేసిన చెయ్యి కాబట్టి ఆమె చుక్కలు కొలిచినట్టు వచ్చాయి. నావి కారాయి. ఇంజనీర్‌నని ముందే చెప్పుకోవడం పొరపాటయింది. డార్లీన్ చాలా మర్యాదగా గుడ్డ తెచ్చి కారినంత మేర తుడిచి, మిగిలినవాటిని మంచు బిందువులు అనుకుందాం అంది.

అప్పుడు చూశాను, ఆ లిల్లీలూ గులాబీలూ నా తువ్వాలు మీదివే. తేడా ఒక్కటి. ఇక్కడ ప్రతి మొక్కకూ కింద వేర్లున్నాయి. గోడలో కింది భాగమంతా వేర్లే. తెల్లవి, లేత నీలివి, పసుపువి, ఒకదాని కిందుగా ఒకటి దూరి, పక్క మొక్క వేరును పట్టుకుని నేల దాకా దిగాయి.

మడత కుర్చీలో ఒక పెద్దావిడ కూర్చుని ఆ వేర్లనే చూస్తోంది. డార్లీన్ తల్లి. అక్క ఆమెను మొదటి నుంచీ ఆగ్నెస్ గారూ అని పిలవడంతో, అదే తన పూర్తి పేరన్నట్టు నాతో చెయ్యి కలుపుతూ "ఆగ్నెస్ గారు" అని పరిచయం చేసుకుంది. ఆ నమూనా ఆమె తల్లిది. గోడకు తగిలించుకునే సంచి మీద ఆమె ఆ పూలు కుడుతుంటే ఆగ్నెస్ పక్కన కూర్చుని పూసలు అందించేది. తర్వాత పాత వస్తువులు సేకరించేవాడెవడో ఆ సంచి పట్టుకుపోయాడు. అది ఇప్పుడు ఒక మ్యూజియంలో ఉంది. కింద చీటీ మీద "చేసినవారు: తెలియదు" అని ఉంటే, ఆగ్నెస్ వెళ్లి, తెలియకపోవడం ఏమిటి, మా అమ్మ అని చెప్పింది. వాళ్లు చాలా బాధపడ్డారు. కాగితాలేవైనా ఉన్నాయా అని అడిగారు. ఈలోగా ఎవరో అదే నమూనాతో తువ్వాళ్లు అచ్చువేశారు. గుడ్డ కొలతకు సరిపోలేదని కింద వేర్లు కత్తిరించేశారు.

నా తువ్వాలుకు డ్రాయర్లో అట్టడుగే సరైన చోటనిపించింది.

ఊరి బయట గడ్డిలో

మర్నాడు డార్లీన్‌కు గోడ దగ్గర పని. అక్కా నేనూ ఆగ్నెస్ గారిని కారులో ఎక్కించుకుని లిల్లీలు చూడడానికి ఊరు దాటాం. ఈ ప్రాంతపు చదును మన కృష్ణా డెల్టా చదును లాంటిది కాదు. అక్కడ కాలవలూ కొబ్బరిచెట్లూ అడ్డొస్తాయి. ఇక్కడ అడ్డొచ్చేది ఆకాశమొక్కటే. ఆవ పంట పసుపు, దాని మీద మబ్బు, మళ్లీ ఆవ పంట.

గడ్డి మైదానం పక్కన ఆపి తిన్నాం. ఆగ్నెస్ గారు బానక్ తెచ్చింది. పెనం మీద కాల్చిన మందపాటి రొట్టె, కాస్త ఉబ్బి, బయట కరకరలాడుతూ. దాంట్లోకి ఈ ఊరికి పేరిచ్చిన సస్కటూన్ పళ్లు. అవే పళ్లకు అక్క ఆవపిండి, కారం పెట్టి పచ్చడి చేసింది. ఆగ్నెస్ గారు రుచి చూసి, ఈ పండుకు ఇంత కోపం ఉందని నాకు తెలియదు అంది. బానక్‌లో పులిహోర పెట్టుకుని మాత్రం రెండుసార్లు తింది.

వాళ్లిద్దరూ కబుర్లలో ఉండగా నేను కాళ్లు సాగదీద్దామని లేచాను. గడ్డిలో ఒక లిల్లీ నిప్పుకణికలా నిలబడి ఉంది. కారు డాష్‌బోర్డు మీద సరళక్క వినాయకుడు పువ్వు లేకుండా ఉన్నాడు. ఇంక ఆలోచించడానికి ఏముంది? కాడతో సహా కోసి ఆయన ముందు పెట్టాను. మన వాళ్లెవరైనా అదే చేస్తారు.

"ఒరేయ్, ఏంట్రా ఈ పని?" అక్క కారు దగ్గరకొచ్చి కేకేసింది. "అది ఈ రాష్ట్రం పువ్వురా. కొయ్యకూడదని చట్టం ఉంది."

"వినాయకుడికి తెలియదుగా" అన్నాను. ఎవరూ నవ్వలేదు.

ఆగ్నెస్ గారు ఆ కాడను చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఎక్కడ కోశావని అడిగింది. చూపించాను. అక్కడికి నడిచి వెళ్లి, సంచిలోంచి చిటికెడు పొగాకు తీసి నేల మీద పెట్టింది. ఆకులన్నీ కాడతోనే వచ్చేశాయట, కింద గడ్డకు ఇక తిండి ఉండదట, వచ్చే ఏడు ఇక్కడ పువ్వు రాకపోవచ్చట. విత్తనం నుంచి పువ్వు దాకా దీనికి ఏళ్లు పడతాయట. తిట్టి ఉంటే బాగుండేది.

తిరుగు ప్రయాణంలో తనే చెప్పింది.

"మా అమ్మ వేర్లు కుట్టకుండా ఏ పువ్వూ వదిలేది కాదు. వేరు లేకపోతే అది చచ్చిన పువ్వు అనేది. వీళ్లు మా పూలను జడలో పెట్టారు, డబ్బా మీద పెట్టారు, తువ్వాలు మీద పెట్టారు. మా అమ్మ కుట్టినట్టు మొత్తం మొక్క ఈ ఊళ్లో ఒక చోటైనా ఉండాలి. అది చూసి పోతాను."

శనివారం

శుక్రవారం సాయంత్రం ఆఖరి చుక్కలు పడ్డాయి. శనివారం పొద్దున అక్క పట్టుచీర కట్టుకుంది. కార్లు నిలిపే చోటికి పట్టుచీర ఎందుకక్కా అంటే, ఆగ్నెస్ గారి అమ్మ పేరంటంరా ఇది, నోరు మూసుకుని నడువు అంది.

మేం వెళ్లేసరికి గోడ ముందు కుండీలున్నాయి.

కుండీలంటే ఇంటి ముందు పెట్టుకునేవి కావు. కాంక్రీటు తొట్లు. నడుము ఎత్తున, ఒకదానికొకటి ఆనించి, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా. వాటి నిండా పెట్యూనియాలు, గులాబీ రంగువి, ఊదా రంగువి, మధ్యమధ్యలో బంతి. వెనక గోడ మీద లిల్లీలు తలలు మాత్రం పైకెత్తి ఉన్నాయి. వేర్లు లేవు. ఒక్కటీ కనిపించదు. కుండీలోంచి మొలిచినట్టు, గదిలో పూలగుత్తి పెట్టినట్టు ఉంది.

డార్లీన్ చేతిలో బానక్ పళ్లెం ఉంది. దాన్ని దించడం మరిచిపోయి అలాగే నిలబడింది.

దుకాణదారుల సంఘం తరఫున గ్రెగ్ అనే ఆయన వచ్చాడు. సంఘం పేరున్న టీషర్టు, చాలా మంచి నవ్వు. బాగున్నాయి కదా అన్నాడు. రాత్రికి రాత్రి తెప్పించామని, ఎవరికీ చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నామని చెప్పాడు. ఆ విషయంలో సంఘం పూర్తిగా సఫలమైంది.

డార్లీన్ గొంతు పెంచలేదు. వేర్లు కనిపించడం లేదు, వీటిని తీయించండి అంది. ఆయన చాలా బాధపడ్డాడు. కార్లు గోడకు గుద్దుకోకుండా ఇవి రక్షణ అన్నాడు. ఒప్పందంలో గోడ గురించే ఉంది, గోడ ముందు స్థలం సంఘానిది అన్నాడు. పూల ముందు పూలు ఉంటే తప్పేముంది, కింది భాగం ఎవరూ చూడరు కూడా అన్నాడు.

"వాళ్లు చూస్తున్నారుగా" అని నేను గోడ ముందు చేరిన జనాన్ని చూపించాను. నిజానికి వాళ్లలో సగం మంది తొట్ల మీదుగా వంగి, వేర్లు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నారు. వాళ్లలో చుక్కలు పెట్టినవాళ్లు చాలామంది. ఒక తల్లి తన కూతురు పెట్టిన చుక్కలు చూపిద్దామని ఎత్తుకుని, వెతికి వెతికి, చివరికి దించేసింది.

నేను సాధారణంగా ఎదుటివాణ్ణి నవ్వించి పని కానిచ్చుకునే మనిషిని. ఆ పొద్దున నాకు ఒక్క జోకూ రాలేదు. ఆ ఊళ్లో ప్రతి దీపస్తంభానికీ ఒక పెట్యూనియా బుట్ట వేలాడుతోంది. వాటికి కరువొచ్చినట్టు, ఊరు మొత్తంలో మూలవాసులు తమ పూలను తమ పద్ధతిలో వేసుకున్న ఒకే ఒక్క గోడ ముందు ఇన్ని తొట్లు తేవాలా? పాత బొమ్మ, ఆ సున్నం కిందున్న అమ్మాయి, అన్నేళ్లు నిలబడింది. ఆమె పాదాలకు అడ్డంగా ఎవరైనా ఒక పూలకుండీ పెట్టారా? డార్లీన్ ఎండలో నిచ్చెన ఎక్కి దిగుతున్న ఇన్ని వారాల్లో ఈ రక్షణ సంగతి ఎవరికీ గుర్తు రాలేదా? ఇదే కాస్త మర్యాదైన ఇంగ్లీషులో ఆయనతో అన్నాను. ఆయన నా మాటల్ని గౌరవిస్తున్నానన్నాడు. ఆ గౌరవంతో ఏం చేస్తాడో చెప్పలేదు.

సరళక్క పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తొట్టి దగ్గరికి వెళ్లి ఒక పెట్యూనియా ఆకు తిప్పి చూసింది.

"గ్రెగ్, ఇది దక్షిణ అమెరికా మొక్క. ఐరోపా వాళ్లు సంకరం చేసి అమ్మారు. ఈ బంతి మెక్సికోది. మీ రాష్ట్రం పువ్వు దీని వెనకుంది" అంది.

జనానికి పెట్యూనియాలంటే ఇష్టం అన్నాడాయన.

"మరి ఈ జనం ఎవరు?" అంది డార్లీన్ మొదటిసారి గొంతు పెంచి.

ఆయన ఇంకోసారి బాధపడి, అసలు కష్టం చెప్పాడు. తొట్లు దింపిన యంత్రం వెళ్లిపోయింది. అవి చేత్తో కదిలేవి కావు, వాటిలో నిండా మట్టి ఉంది, ఆ మట్టి బరువు అంతా ఇంతా కాదు. మంచు పడే దాకా ఇవి ఇలాగే ఉంటే, వచ్చే ఏడు సమావేశంలో ఈ విషయం తప్పకుండా చర్చకు పెడతానన్నాడు. కావాలంటే వేర్ల ఫోటో తీసి పక్కన ఒక బోర్డు మీద అతికిద్దామన్నాడు.

డార్లీన్ తల్లి వైపు చూసింది. ఆగ్నెస్ గారు మడత కుర్చీలోంచి ఇందాకే లేచింది. చేతికర్రతో మెల్లగా నడిచి ఒక తొట్టి దగ్గర ఆగి, పెట్యూనియాల మధ్య వేలు దూర్చింది. గ్రెగ్ ఆమెకు వినపడదనుకున్నాడు కాబోలు, వంగి, చాలా గట్టిగా, అందంగా ఉన్నాయి కదా అమ్మా అన్నాడు.

"ఈ మట్టి ఎక్కడిది?" అని అడిగింది ఆగ్నెస్ గారు.

ఆయన ముఖం విప్పారింది. ఎట్టకేలకు తనకు జవాబు తెలిసిన ప్రశ్న. బయటినుంచి తెచ్చింది కాదు, అచ్చంగా ఇక్కడిదే, ఊరి పక్కనే తవ్వి తెచ్చామని సంతోషంగా చెప్పాడు.

ఆగ్నెస్ గారు వేలికంటిన మట్టి చూసుకుని, తలెత్తి ఆయన్ను చూసింది.

"అయితే మట్టి మాది. కుండీలు మీరు పట్టుకుపొండి."